ఆటలే ఇంటిబడి

తెలుగునాట విద్యాచరిత్ర రాసినవారు వీథిబడిని గూర్చి విరివిగా రాసినారు. పండుగలకు, పెండ్లిండ్లకు బంధువులు ఒకచోట చేరినపుడు అరుగుల మీద సాగిన చదువును గూర్చి రాసినవారు తక్కువ. ఆ చదువునకు పలక లేదు, పంతులు లేడు. చింతగింజలు, గవ్వలు, నోటిమాటలే దాని సాధనాలు.

దాని విలువ తెలియడానికి ఒక లెక్క చూడవలెను. మద్రాసు గవర్నరు సర్ టామస్ మన్రో 1822లో కలెక్టర్లచేత బడుల వివరాలు సేకరింపజేసినాడు. 1826 నాటికి ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లు తేలినది. అందులో బాలికలు 4,540 మంది మాత్రమే. ఇండ్లలో చదువు చెప్పించుకొన్న కొద్దిమందిని మినహాయిస్తే, తక్కిన ఆడపిల్లలకు అంకెలతో పరిచయం ఇంటిపనివల్లను, ఆటవల్లను కలిగినదే.

వామనగుంటల పీటకు ఏడేసి గుంటలు రెండు వరుసలు. గుంటకు 5 గింజల వంతున వేస్తే మొత్తం 70. ఒక గుంటలోనివి తీసి వరుసగా ఒక్కొక్కటి వేస్తూ పోతే చివరి గింజ ఎక్కడ పడుతుందో ఆడేవారు ముందే ఊహించవలెను. కూడిక, పంపకం, మిగులు అన్నీ వ్రేళ్ళ కొసలకే అలవడేవి. అక్షరం రాని అమ్మమ్మ సైతం ఈ గణితంలో మనుమరాలికి గురువే. అచ్చనగాయలలో ఒకట్లు, రెండ్లు, మూళ్ళుగా ఏరడంలోను ఇదే క్రమం.

ముక్కోటి ఏకాదశి, శివరాత్రి జాగరణలలో పరచే వైకుంఠపాళి మరొక పాఠం. నిచ్చెన పుణ్యానికి, పాము పాపానికి గుర్తు. గళ్ళలోని పేర్లు కూడబలుక్కొంటూనే పిల్లలు పురాణపాత్రలను ఎరిగేవారు. 19వ శతాబ్ది చివర ఇంగ్లండు చేరిన ఈ ఆట క్రమంగా పేర్లను వదలి అంకెలనే మిగుల్చుకొన్నది. ఆట నిలిచినది, పాఠం జారిపోయినది.

భాషకు సంబంధించినంతవరకు పొడుపుకథ, పద్యాల అంత్యాక్షరి ముఖ్యమైనవి. నిత్యం చూచే వస్తువును కొత్త మాటల చాటున దాచి చెప్పడం పొడుపుకథ; ఉపమానంతో పిల్లలకు తొలి పరిచయం అదే. అంత్యాక్షరిలో గెలవాలంటే శతకపద్యాలు నోటికి రావలెను. గణాలు తెలియకముందే నడక చెవికి పట్టేది.

ఇట్టివాటిని చరిత్రకు ఆధారాలుగా గ్రహించినవారు సురవరం ప్రతాపరెడ్డి. 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కావ్యాలనుండి ఆటపాటల వివరాలు ఏర్చి కూర్చినారు. ‘హంసవింశతి’లోని ఆటల పట్టికలు ఆ దృష్టికి ఎంత విలువైనవో చెప్పనక్కరలేదు. ఆయన 1953లో మరణించగా, 1955లో సాహిత్య అకాడెమీ పురస్కారం ఆ గ్రంథానికి లభించినది. తెలుగున ఆ గౌరవం పొందిన తొలి గ్రంథమదే.

పేర్లు గ్రంథాలలో భద్రంగా ఉన్నవి. కాని ఆ పట్టికలలో ఎన్నో ఆటలు ఎట్లా ఆడేవారో నేడు చెప్పగలవారు అరుదు. ఆట నియమం నోటినుండి నోటికే వచ్చును. చుట్టాలు చేరిన ఇంట ముసలివారి ప్రక్క పిల్లలు కూర్చున్నంతకాలమే వచ్చును. పేర్లు మాత్రమే మిగిలిన పట్టిక నిఘంటువునకు చాలును, భాషకు చాలదు. ఇంకా చెప్పగలవారు ఉండగానే ఆ నియమాలను అడిగి రాసిపెట్టడం రచయితలకు చెందిన పని.