రంగం నుండి అమెరికా దాకా: మలివయసులో విదేశవాసం

ఇరవై ఏళ్ళ క్రితం మన సంఘం సభ్యుల పట్టికలో పేర్ల పక్కన రెండే రకాల గుర్తులుండేవి: చందా కట్టినవారు, కట్టవలసినవారు. ఇప్పుడు మూడో రకం చేరింది. "అమెరికాలో కుమారుని వద్ద", "ఆస్ట్రేలియాలో కుమార్తె వద్ద" అని కార్యదర్శిగారు పెన్సిలుతో రాసుకుంటున్నారు. తిరిగి వస్తే చెరపవచ్చునని పెన్సిలు వాడుతున్నారట. కొన్ని గుర్తులు చెరపవలసిన అవసరం రావడం లేదు.

ఉద్యోగవిరమణ చేసినవారు ఉన్న ఊరు వదిలి పరాయి దేశంలో ఎందుకు ఉంటున్నారని ఎవరినైనా అడిగితే "పిల్లల కోసం" అన్న మాటే వస్తుంది. అది నిజమే. కాని ఆ ఒక్క మాటతో కథ పూర్తి కాదు. మన జిల్లాల చరిత్రను వెనక్కి తిరిగి చూస్తే, ఈ ప్రయాణం పూర్వం సరిగ్గా దీనికి తలక్రిందులుగా సాగిందని తెలుస్తుంది. ఆ సంగతులు మన నిర్ణయాలకు పనికివస్తాయన్న నమ్మకంతో ఈ వ్యాసం రాస్తున్నాను.

తొలి పెన్షనర్లు ఇంగ్లీషువారే

మన దేశపు ఖజానా నుండి పెన్షను తీసుకొంటూ విదేశంలో కాపురమున్న తొలి తరం ఇంగ్లీషు దొరలది. ఐ.సి.ఎస్. అధికారి ఇరవై ఐదేళ్ళ సర్వీసు పూర్తి చేసుకొని ఏడాదికి 1000 పౌండ్ల పెన్షనుతో ఓడ ఎక్కేవాడు. చెల్టన్‌హామ్ వంటి పట్టణాలు ఇండియాలో పనిచేసి వెళ్ళిన విశ్రాంత అధికారులకు పేరుపడ్డాయి. ఆయన దృష్టిలో అది విదేశవాసం కాదు, స్వదేశానికి తిరిగి వెళ్ళడం. ఖర్చు మాత్రం మనది.

ఆ పెన్షన్లన్నీ "హోం ఛార్జీలు" అనే పద్దు క్రింద పౌండ్లలో చెల్లించవలసి వచ్చేది. 1870ల తరువాత వెండి ధర పడిపోయి, దానితో రూపాయి మారకం విలువ తగ్గినకొద్దీ అదే పెన్షనుకు ఎక్కువ రూపాయలు పోసేవారు. ఆ రూపాయలు మన రైతులు కట్టిన శిస్తులే. దాదాభాయి నౌరోజీ 1901లో ప్రచురించిన తన గ్రంథంలో భారతదేశపు సంపద బయటికి తరలిపోతున్న మార్గాలలో ఈ పెన్షన్లను కూడా లెక్క చూపించారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1948లో బ్రిటన్‌తో చేసుకొన్న ఒప్పందంలో సుమారు 16 కోట్ల 80 లక్షల పౌండ్లు ఏకమొత్తంగా కేటాయించి ఆ బాధ్యతను వదిలించుకొన్నాం.

రంగం వెళ్ళినవారు

అదే కాలంలో మనవాళ్ళూ సముద్రం దాటారు. అయితే వయసులో ఉండగా దాటారు. 1852లో రంగూన్ ఇంగ్లీషువారి వశమయ్యాక అక్కడ బియ్యం మిల్లులు, రేవుపనులు పెరిగాయి. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుండి స్టీమర్లు కూలీలను మోసుకుపోయేవి. మన ప్రాంతంలో దానిని "రంగం వెళ్ళడం" అనేవారు. మేస్త్రీ ముందుగా బయానా ఇచ్చి తీసుకువెళ్ళేవాడు, తరువాత కూలిలో కోసుకొనేవాడు. కోరంగి రేవు పేరుమీద బర్మాలో మనవాళ్ళందరినీ "కోరంగీలు" అని పిలిచేవారు.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. కాని వారిలో ఎక్కువమంది ఒంటరి మగవారు. భార్యాబిడ్డలు, తల్లిదండ్రులు ఇక్కడే. మనియార్డరు వచ్చేది, మనిషి నాలుగేళ్ళకో అయిదేళ్ళకో వచ్చేవాడు. ఒళ్ళు వంగినన్నాళ్ళు అక్కడ పనిచేసి, శక్తి ఉడిగాక ఇంటికి చేరేవాడు. రంగం డబ్బుతో కొన్న చెక్క భూమే ఆయనకు పెన్షను. ముసలితనంలో చూసే మనుషులు ఇక్కడే ఉన్నారు కాబట్టి ముసలితనం ఇక్కడే గడిచేది.

ఆ తిరుగుదారి అందరికీ దక్కలేదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో జరిగిన అల్లర్లలో మన తెలుగు కూలీలు ఎందరో ప్రాణాలు కోల్పోయారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం వారి వశమైంది. ఓడ దొరకనివారు అరకాన్ మీదుగా చిట్టగాంగ్‌కు, తామూ మీదుగా మణిపురానికి నడిచి వచ్చారు. వేలాదిమంది దారిలోనే రాలిపోయారు. ఆ ఏడాదే ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి. అంటే పారిపోయి వచ్చినచోట కూడా భయం వెంటాడింది. యుద్ధం తరువాత మళ్ళీ వెళ్ళి స్థిరపడినవారికి 1962లో నీ విన్ సైనిక ప్రభుత్వం వచ్చాక, 1964లో వ్యాపారాల జాతీయీకరణ, పెద్ద నోట్ల రద్దు జరిగాక నిలువ నీడ లేకపోయింది. అలా వచ్చినవారి గుర్తుగానే విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. జీవితమంతా అక్కడ గడిపి, అరవై ఏళ్ళ వయసులో చేతిసంచితో ఇక్కడ దిగి, తొలిసారి కాపురం మొదలుపెట్టినవారు వారిలో ఉన్నారు.

తలక్రిందులైన ప్రయాణం

ఇక మన తరం సంగతి. మనం ఉద్యోగం ఇక్కడే చేశాం. ఇల్లు గవరపాలెంలోనో, ఎన్.టి.ఆర్. కాలనీలోనో, మరో పేటలోనో కట్టుకొన్నాం. వెళ్ళింది మన పిల్లలు. మనం వారి వెనుక, పెన్షను మొదలయ్యాక వెళ్తున్నాం. రంగం వెళ్ళినవాడికి ఇల్లు ఇక్కడ, పని అక్కడ. మనకు ఇల్లు ఇక్కడ, ఇంటి మనుషులు అక్కడ.

ఈ మార్పుకు ఒక చట్టం తలుపు తీసింది. 1946 నుండి అమెరికా మన దేశానికి ఏడాదికి వంద మందిని మాత్రమే అనుమతించేది. 1965లో వచ్చిన వలస చట్టం ఆ పద్ధతిని తీసివేసి, డాక్టర్లకు, ఇంజనీర్లకు దారి ఇచ్చింది. అదే చట్టం ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన అమెరికా పౌరుల తల్లిదండ్రులను సంఖ్యా పరిమితి లేని దగ్గరి బంధువులలో చేర్చింది. ఆంధ్ర వైద్య కళాశాలలోనో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో చదివి వెళ్ళిన తొలి తరం పౌరసత్వం తీసుకొని, తల్లిదండ్రులను శాశ్వత నివాసానికి పిలిపించుకోగలగడానికి కారణం ఇదే. 1976లో పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరస్వామి ఆలయం వెలసింది. 1977లో తానా తొలి మహాసభ జరిగింది. పెద్దలకు కాలక్షేపం, పలకరింపు అక్కడే దొరికాయి.

1990 చట్టంతో వచ్చిన హెచ్-1బి వీసా మీద వెళ్ళిన రెండో తరం పరిస్థితి వేరు. వారు తల్లిదండ్రులను సందర్శకులుగానే పిలువగలరు. సాధారణంగా ఒక్కో రాకకు ఆరు నెలల గడువు. అందుకే ఒకే వీధిలోని ఇద్దరు పెన్షనర్లలో ఒకరు అక్కడే స్థిరపడ్డారు, మరొకరు పురుడు పోయడానికి ఆరు నెలలు వెళ్ళి వస్తున్నారు. వియ్యపురాళ్ళిద్దరూ వంతులు వేసుకొని మనవడిని పెంచుతున్నారు. తండ్రి బ్రతుకు ఎక్కడ గడవాలో కొడుకు చేతిలోని కాగితం నిర్ణయిస్తున్నది.

మిగతా దేశాలదీ ఇదే వరస. కెనడా 2011 డిసెంబరులో "సూపర్ వీసా" పెట్టి, 2022 నుండి ఒక్కో రాకకు అయిదేళ్ళు ఉండనిస్తున్నది. ఆస్ట్రేలియాలో త్వరగా తేలే రకం తల్లిదండ్రుల వీసాకు ఒక్కొక్కరికి 40 వేల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా కట్టాలి. బ్రిటన్ 2012లో నిబంధనలు బిగించి, రోజువారీ పనులకు కూడా మరొకరి సాయం కావలసిన స్థితిలో ఉంటే తప్ప రానివ్వడం లేదు.

తెల్లవారి దారి, మన దారి

విదేశాలకు పోయే విశ్రాంత ఉద్యోగులు మనవాళ్ళే కారు. ఇంగ్లాండు పెన్షనర్లు ఎండ కోసం స్పెయిన్ వెళ్తారు. అమెరికావారు తక్కువ ఖర్చు కోసం మెక్సికో వెళ్తారు. జపాను ప్రభుత్వ శాఖ ఒకటి 1986లో వృద్ధులను విదేశాలలో స్థిరపరిచే పథకమే ప్రతిపాదించింది. "ముసలివాళ్ళను ఎగుమతి చేస్తారా" అన్న విమర్శ రావడంతో వెనక్కి తగ్గింది. మలేషియా 2002 నుండి డబ్బున్న విదేశీ విశ్రాంతులను ఆహ్వానిస్తూ పథకం నడుపుతున్నది. ఒకప్పుడు మన తెలుగు కూలీలు రబ్బరు తోటల్లో పనిచేసిన దేశమే అది.

వారు చలి నుండి ఎండకు, ఖరీదు నుండి చవకకు పోతారు. మనం ఎండ నుండి మంచుకు, చవక నుండి ఖరీదుకు పోతున్నాం. వారి పెన్షను అక్కడ రెండింతలు అవుతుంది. మన పెన్షను డాలర్లలోకి మారిస్తే నెల మందులకు సరిపోదు. లెక్క చూసుకొని ఎవరూ చేయని పని మనం చేస్తున్నామంటే, ముసలితనంలో మనిషి ఆసరా ఉన్నచోటికే పోతాడని అర్థం. ఆ ఆసరా రంగం కాలంలో ఇక్కడ ఉండేది, ఇప్పుడు అక్కడ ఉంది.

నేను కూడా రెండుసార్లు వెళ్ళి వచ్చాను. పిల్లలు లోటు చేయలేదు. కాని కారు నడపడం రానివాడికి అక్కడ వీధి లేదు. సాయంత్రం నాలుగడుగులు వేసి నలుగురితో మాట్లాడి రావడమన్నది వారాంతానికి వాయిదా పడుతుంది. ఇక్కడ "మాస్టారూ" అనో "సూపరింటెండెంటుగారూ" అనో పిలిపించుకొన్న మనిషి అక్కడ ఫలానావారి నాన్నగారు మాత్రమే. అయినా ఇద్దరిలో ఒకరు దాటిపోయి, మిగిలినవారు రాత్రిపూట ఒంటరిగా పడుకోవలసి వచ్చినప్పుడు ఈ లెక్కలన్నీ మారిపోతాయి. మన సంఘంలో శాశ్వతంగా వెళ్ళినవారిలో ఎక్కువమంది కుటుంబ పెన్షను తీసుకొనే అక్కగార్లే. వారిని వెళ్ళవద్దని చెప్పడానికి మనమెవరం?

తిరుగుదారి మూయకండి

చరిత్ర చెప్పే పాఠం ఒకటుంది. దారులు హఠాత్తుగా మూసుకుపోతాయి. 1942లో మూసుకుపోయాయి, 1964లో మూసుకుపోయాయి. 2020 మార్చిలో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయినప్పుడు సందర్శకులుగా వెళ్ళిన పెద్దలు వీసా గడువు తీరిపోతూ, ఇక్కడి నుండి తెచ్చుకొన్న మందులు అయిపోతూ చిక్కుకొన్నారు. ఆ కష్టం నడిచి వచ్చినవారి కష్టంతో పోల్చదగినది కాదు. అయినా హెచ్చరికే.

చట్టాలు కూడా మారుతాయి. 1996కు ముందు అమెరికాలో స్థిరపడిన వృద్ధులకు అక్కడి ప్రభుత్వ సహాయం కొంత అందేది. ఆ ఏడాది చట్టంతో పౌరులు కానివారిలో చాలామందికి అది ఆగిపోయింది. పిలిపించిన బిడ్డే పోషణ బాధ్యతకు చట్టబద్ధంగా సంతకం చేయాలన్నారు. అరవై ఐదు నిండినా, గ్రీన్‌కార్డుతో అయిదేళ్ళు వరుసగా ఉంటే గాని మెడికేర్‌ను ప్రీమియం కట్టి కొనుక్కొనే హక్కు రాదు. మన హెల్త్ కార్డు అక్కడ చెల్లదు. సందర్శకుల బీమా సాధారణంగా పాత జబ్బులను వదిలేస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారు ముందస్తు అనుమతి లేకుండా ఏడాదికి మించి ఇక్కడ ఉండిపోతే అది పోయే ప్రమాదమున్నది. అక్కడి పౌరసత్వం తీసుకొంటే 1955 చట్టం ప్రకారం మన పౌరసత్వం పోతుంది. 2005లో వచ్చిన ఓ.సి.ఐ. కార్డుతో రావచ్చు, ఉండవచ్చు. ఓటు వేయలేరు, వ్యవసాయ భూమి కొనలేరు. చెరకు పొలం మీద మమకారమున్న మన ఊరివారు ఇది గమనించాలి.

కాబట్టి వెళ్ళేవారికి నా మనవి ఇంతే. ఏటా ఇవ్వవలసిన జీవన ధ్రువపత్రం సంగతి బయలుదేరే ముందే ట్రెజరీలోనో, బ్యాంకులోనో కనుక్కోండి. విదేశంలో ఉన్నవారు భారత దౌత్య కార్యాలయ అధికారి సంతకంతో పంపే వీలున్నది. 2014 నుండి జీవన్ ప్రమాణ్ అనే కంప్యూటరు పద్ధతి కూడా ఉంది. పత్రం అందకపోతే పెన్షను ఆగుతుంది, అందాక బకాయిలతో వస్తుంది. శాశ్వతంగా వెళ్ళేవారు సేవింగ్స్ ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకోవాలి. మీ అక్కడి చిరునామా సంఘానికి ఇవ్వండి.

అన్నిటికంటె ముఖ్యం, తొందరపడి ఇల్లు అమ్మకండి. "ఇక మీకెందుకు అక్కడ ఇల్లు" అని పిల్లలు ప్రేమతోనే అంటారు. రంగం నుండి వచ్చినవాడిని నిలబెట్టింది ఇక్కడ మిగుల్చుకొన్న చెక్క భూమి. అది లేనివాడు క్యాంపులో తలదాచుకొన్నాడు. మనకు నెలనెలా పడే పెన్షను ఉన్నది, తాళం వేసిన ఇల్లు ఉన్నది. ఈ రెండూ ఉన్నంతకాలం మనం పిల్లల ఇంట్లో ఇష్టపడి ఉంటున్న పెద్దలం. ఈ రెండూ చేజారితే వేరే దారి లేక ఉంటున్నవాళ్ళమవుతాం. వెళ్ళిన ప్రతివారూ తిరిగి రావాలని నేననను. రావాలనిపించినప్పుడు వచ్చే వీలు మాత్రం అందరికీ ఉండాలి.