పల్లెలో వోటు: నియమమూ, జాబితా

బాపట్ల చేరువనున్న కర్లపాలెమువంటి గ్రామమున ఎన్నిక యనగానే మనకు ముందు స్ఫురించునవి అభ్యర్థులు, వారి గుర్తులు, వోటు పెట్టె. వీనికంటె ముందుగా పనిచేయునది నియమము. వోటు ఎట్లు వేయవలెను, ఎవరిని ఎన్నుకొనవలెను, ఎవరు పోటీ చేయవచ్చును, ఎవరికి వోటు గలదు అను నాలుగు ప్రశ్నలకును సమాధానము కాలక్రమమున మారుచు వచ్చినది. ఆ చరిత్రను సంగ్రహముగా మనవి చేయుదుము.

మొదటిది వోటు వేయు విధానము. 1952లో మొదటి సాధారణ ఎన్నికలు జరుగునాటికి ఈ ప్రాంతము మద్రాసు రాష్ట్రమున నుండెను. అప్పుడు ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె. దానిపై ఆతని గుర్తు. వోటరు కాగితముపై ఏ ముద్రయు వేయనక్కరలేదు. తనకు నచ్చినవాని పెట్టెలో కాగితమును వేసిన చాలును. అక్షరము రానివారి సౌకర్యమునకై చేసిన ఏర్పాటిది. 1962 సాధారణ ఎన్నికల నాటికి గుర్తులన్నియు ఒకే కాగితముపైకి వచ్చెను. ముద్ర వేయు పద్ధతి స్థిరపడెను.

రెండవది సర్పంచి ఎన్నిక. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామపంచాయతుల చట్టము ననుసరించి పంచాయతి సభ్యులే తమలో నొకరిని సర్పంచిగా ఎన్నుకొనెడివారు. కొలదిమంది సభ్యులను తమవైపు త్రిప్పుకొనిన పదవి లభించెడిది. పిదప చట్టమును సవరించిరి. 1981 ఎన్నికలలో గ్రామస్థులే సర్పంచిని నేరుగా ఎన్నుకొనిరి. నాటినుండి సర్పంచి కాగోరువాడు ప్రతి గడపను త్రొక్కక తప్పలేదు.

మూడవది పోటీదారుని అర్హత. 1994 పంచాయతీరాజ్ చట్టము ఇద్దరికి మించి సంతానము గలవారిని పోటీకి అనర్హులను చేసెను. అయినను ఆ నియమము హఠాత్తుగా మీదపడలేదు. చట్టము అమలులోనికి వచ్చిన 1994 మే 30 నుండి ఒక యేడు గడువిచ్చిరి; అంతకుముందే ఎక్కువమంది బిడ్డలున్నవారిని మినహాయించిరి. ఆ నియమము యొక్క మంచిచెడ్డలెట్లున్నను, ముందుగా తెలిపిరనుట నిజము. 2024లో రాష్ట్ర శాసనసభ దానిని తొలగించెను.

ఇక నాలుగవది, మిక్కిలి ముఖ్యమైనది, వోటరుల జాబితా. చట్టమిచ్చిన హక్కు జాబితాలో పేరున్నప్పుడే చేతికందును. 1952 ఎన్నికలకు ముందు దేశమున సుమారు 28 లక్షల స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానివారి భార్యననియో, కూతుననియో వ్రాయించుకొనిరి. పేరు లేని వోటరును అంగీకరింపరాదని వారి నమోదును రద్దు చేసిరి. వీరిలో పెక్కురు ఉత్తరభారత రాష్ట్రములవారు. రాజ్యాంగము వారికి వోటు నిచ్చెను. జాబితా దానిని తీసివేసెను.

ఏడు దశాబ్దముల పిమ్మట మన రాష్ట్రముననే ఇట్టిది జరిగెను. 1989 నుండి వోటు వయస్సు 21 నుండి 18 ఏండ్లకు తగ్గెను. 2020 మార్చిలో కరోనా కారణముగా ఆగిన స్థానిక ఎన్నికలలో పంచాయతుల వంతు 2021 ఫిబ్రవరిలో వచ్చెను. 9, 13, 17, 21 తేదీలలో నాలుగు విడతలుగా వోటింగు జరిగెను. క్రొత్త జాబితా సిద్ధము కాకపోవుటచే 2019 జాబితాతోనే జరిపిరి. తత్ఫలితముగా 3 లక్షల 60 వేలమంది యువజనులు వోటు కోల్పోవుదురని రాష్ట్ర ఎన్నికల కమీషనరు నాడు ప్రకటించిరి. వయస్సు వచ్చినది, చట్టము ఒప్పినది. కాగితము మాత్రము రాలేదు. గ్రామ ఎన్నికలలో పది వోట్లు కూడ గెలుపోటములను తేల్చగలవు గదా!

కావున నియమము మారుట దోషము కాదని మా అభిప్రాయము. మారిన నియమము సామాన్యునకు వేళకు తెలియకపోవుట, దానికి తగిన జాబితా వేళకు సిద్ధము కాకపోవుట దోషము. ప్రభుత్వము చేయవలసిన పని ప్రభుత్వము చేయవలెను. మన ఇంటిలో 18 ఏండ్లు నిండిన బిడ్డ పేరు జాబితా కెక్కినదో లేదో, ఎన్నికల ప్రకటన వెలువడకమునుపే చూచుకొనుట మాత్రము మన పని.