పింఛనూ శాతమూ: తెలుగునాట వికలాంగుల సహాయ చరిత్ర

నిరుద్యోగం, వార్ధక్యం, అనారోగ్యం, అంగవైకల్యం వంటి స్థితుల్లో పౌరులకు ప్రభుత్వ సహాయం అందాలని భారత రాజ్యాంగం 41వ అధికరణంలో చెబుతుంది. అయితే అది ఆదేశిక సూత్రం, అంటే కోర్టుకెక్కి సాధించుకోగల హక్కు కాదు గనుక, సహాయం ఎంత, ఎవరికి, ఎవరి చేతి మీదుగా అన్న ప్రశ్నలన్నీ ప్రభుత్వాల ఆర్థిక శక్తికీ చిత్తానికీ మిగిలాయి. పైగా ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో తొమ్మిదో అంశం వికలాంగులకూ, పని చేయలేనివారికీ ఉపశమనం కల్పించే బాధ్యతను రాష్ట్రాలకే అప్పగించింది. తెలుగునాట వికలాంగుల పింఛను కథ ఢిల్లీలో కంటే హైదరాబాదులోనూ, ఆ తర్వాత అమరావతిలోనూ ఎక్కువగా నడవడానికి కారణం ఇదే. ఆ కథను ఏ ముఖ్యమంత్రి ఎన్ని రూపాయలు పెంచారన్న వరుసగా చెప్పుకోవడం పరిపాటి. వైకల్యాన్ని ఎవరు కొలవాలి, దేనితో కొలవాలి అన్న మరో చరిత్ర దాని పక్కనే సాగింది. లబ్ధిదారుల బతుకులను ఎక్కువగా మలిచింది అదే.

ఐక్యరాజ్యసమితి 1981ని అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించిన సందర్భంలోనే ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల సహకార సంస్థ ఏర్పడింది. మూడు చక్రాల బండ్లు, చంకకర్రలు, వినికిడి యంత్రాల వంటి ఉపకరణాల పంపిణీ దాని ప్రధాన కార్యక్రమం. పింఛను మాత్రం చాలాకాలం నెలకు 75 రూపాయల దగ్గరే ఉండిపోయింది. అదీ అర్హులందరికీ కాదు: ఊరికి ఇన్ని అని ముందే ఖరారైన పింఛన్లలో ఒకటి ఖాళీ కావాలంటే జాబితాలో ఉన్నవారెవరైనా చనిపోవాల్సిందే. అలాంటి ఏర్పాటులో ఊరి పెద్దల మాటకు, సర్పంచి సిఫారసుకు ఉన్న బలం వైద్యుని కాగితానికి ఉండేది కాదు. 2006లో మొత్తం 200 రూపాయలకు పెరిగి, అర్హులందరికీ ఇవ్వాలన్న విధానం ముందుకు వచ్చింది. ఆ తర్వాత వికలాంగులకు విడిగా 500 రూపాయలు నిర్ణయమైంది. సంఖ్య మీద ఉన్న గిరి తొలగినప్పుడు దాని స్థానంలో మరో గిరి కావలసివచ్చింది. ఆ పని శాతానికి పడింది.

శాతం అన్న కొలమానం అప్పటికే చట్టంలో ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించి, వైద్యాధికారి ధ్రువీకరించిన మేరకు 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారినే వికలాంగులుగా నిర్వచించింది. ఆ శాతాన్ని లెక్కగట్టే పద్ధతిని కేంద్రం 2001లో మార్గదర్శకాల రూపంలో ప్రకటించింది. ఆ లెక్క చూడటానికి కనిపించినంత సులువు కాదు. ఒకే మనిషికి రెండు వైకల్యాలున్నప్పుడు రెండింటి శాతాలనూ నేరుగా కూడరు: 90లోంచి పెద్ద అంకెను తీసివేసి, మిగిలినదానితో చిన్న అంకెను గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద అంకెకు కలుపుతారు. ఒకదానికి 25, మరొకదానికి 15 శాతం వచ్చిన మనిషికి మామూలు కూడికలో 40 వస్తుంది గానీ, ఈ సూత్రం ప్రకారం 36కు కూడా చేరదు. ఒక కన్ను పూర్తిగా పోయి రెండో కన్ను బాగా ఉన్నవారికి ఆ మార్గదర్శకాలు ఇచ్చింది 30 శాతమే. శరీరంలోని లోపాన్ని కొలిచే ఈ పద్ధతికి మనిషి చేసే పనితో సంబంధం లేదు. తాపీ పని చేసే మనిషికి కాలు విరగడమూ, గుమస్తాకు కాలు విరగడమూ ఒకే శాతంగా నమోదవుతాయి. జీవనాధారం పోయిందా లేదా అన్నది తేల్చవలసిన పింఛనుకు ఇటువంటి కొలబద్దను ఆధారం చేయడం మొదటినుంచీ పొసగని ఏర్పాటే.

ఉమ్మడి రాష్ట్రంలో 2010 ప్రాంతంలో గ్రామీణాభివృద్ధి శాఖ ఆధ్వర్యంలో ఈ లెక్కలను కంప్యూటరుకు ఎక్కించిన విధానమే సదరం. వైద్యులు పరీక్షించి నమోదు చేసిన వివరాల నుంచి సాఫ్ట్‌వేరే శాతాన్ని తేల్చి ధ్రువపత్రం ఇస్తుంది గనుక, దొంగ సర్టిఫికెట్లకు కొంతవరకు అడ్డుకట్ట పడింది. సదరం క్యాంపు, స్లాటు, "శాతం ఎంత పడింది?" అన్న ప్రశ్న ఊళ్ల మాటల్లో కలిసిపోయింది కూడా అప్పటినుంచే. అయితే ప్రభుత్వాసుపత్రిలో ఎముకలు, కళ్లు, చెవులు, మానసిక వైద్యం చూసే నిపుణులు ఉన్న రోజునే క్యాంపు సాధ్యమవుతుంది. నడవలేని మనిషిని ఆటోలో జిల్లా కేంద్రానికి తీసుకువెళ్లి, తీసుకురావడం కుటుంబానికి ఒక రోజు కూలీనీ, బండి కిరాయినీ నష్టం చేస్తుంది.

ఈ దూరాన్ని తగ్గించేందుకు ఊరి స్థాయిలో జరిగిన ప్రయత్నానికి చరిత్రలో దక్కవలసినంత చోటు దక్కలేదు. 2000లో మొదలైన వెలుగు పథకం, తర్వాత ఇందిర క్రాంతి పథం, మహిళా పొదుపు సంఘాల పద్ధతిలోనే వికలాంగులకు విడిగా గ్రామ సంఘాలనూ, వాటిని కలిపి మండల సమాఖ్యలనూ ఏర్పరచాయి. పొదుపు, అప్పు మాత్రమే కాక, ఎవరికి సర్టిఫికెట్ లేదో, ఏ పిల్లవాడిని బడికి పంపడం లేదో లెక్క తీసి, క్యాంపుకు వెంట వెళ్లే పని కూడా సంఘాల మీద పడింది. పింఛను ఒక్కొక్కరికి విడివిడిగా అందే సొమ్ము కాగా, సంఘం అడిగే గొంతును ఇచ్చింది. పింఛను మొత్తం పెరిగే కొద్దీ ప్రభుత్వాల దృష్టి మొదటిదాని మీద నిలిచి, రెండోదాని నుంచి మళ్లిందనే చెప్పవలసి ఉంటుంది.

రాష్ట్ర విభజన తర్వాత 2014లో తెలంగాణ ఆసరా పేరుతో వికలాంగులకు 1,500 రూపాయలు ప్రకటించగా, ఆంధ్రప్రదేశ్ 80 శాతం, ఆపై వైకల్యానికి 1,500, అంతకు తక్కువైతే 1,000 అని రెండు మెట్లు పెట్టింది. 2019 నాటికి తెలంగాణలో 3,016, ఆంధ్రప్రదేశ్‌లో 3,000 అయింది. 2023లో తెలంగాణ 4,016కు, 2024 జులైలో ఆంధ్రప్రదేశ్ 6,000కు పెంచాయి. మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 ఇచ్చే నిర్ణయమూ ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడే వెలువడింది. 2009లో మొదలైన కేంద్ర పథకం ఇచ్చేది మాత్రం, 80 ఏళ్ల లోపు వారికి, 300 రూపాయలు, అదీ దారిద్ర్యరేఖకు దిగువన ఉండి 80 శాతం వైకల్యం ఉన్నవారికే. 2016 నాటి కొత్త చట్టం గుర్తించిన వైకల్యాల సంఖ్యను 21కి పెంచి, ఇతరులకిచ్చే సహాయం కంటే వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని 24వ సెక్షనులో చెప్పింది. రెండు తెలుగు రాష్ట్రాలూ వృద్ధాప్య పింఛనుతో పోల్చితే ఆ హద్దును దాటే ఉన్నాయి.

డబ్బు చేతికి చేరే దారి కూడా పలుమార్లు మారింది. పంచాయతీ ఆఫీసులో సంతకం పెట్టి తీసుకునే రోజుల తర్వాత స్మార్ట్ కార్డులూ, వేలిముద్రల యంత్రాలూ వచ్చాయి. కుష్ఠువ్యాధితో వేళ్లు దెబ్బతిన్నవారికి ఆ యంత్రమే ఒక అడ్డంకి అయింది. 2020 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు వాలంటీర్లు ఒకటో తారీఖున ఇంటికే తెచ్చి ఇచ్చారు. 2024 ఎన్నికల వేళ ఎన్నికల సంఘం వారిని ఆ పనికి దూరం చేయగా, పింఛనుదారుల్లో చాలామంది ఎండల్లో గ్రామ, వార్డు సచివాలయాలకూ బ్యాంకులకూ వెళ్లవలసివచ్చింది. జులైలో సచివాలయ సిబ్బంది ద్వారా ఇంటివద్దే పంపిణీ మళ్లీ మొదలైంది.

మొత్తం పెరిగినకొద్దీ తనిఖీ కూడా పెరగడం సహజం, ఒక మేరకు అవసరం కూడా. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వికలాంగ పింఛన్లను వైద్యులచేత తిరిగి పరీక్షించింది. మొదట 15,000 అందుకునేవారి ఇళ్లకు వైద్య బృందాలు వెళ్లాయి, ఆగస్టు నాటికి శాతం తగ్గినవారికి నోటీసులు అందాయి, నిరసనలు రేగాయి, అప్పీలుకు అవకాశమిచ్చారు. పదేళ్ల క్రితం శాశ్వత వైకల్యమని రాసిన చేతినీ కాలినీ మళ్లీ కొలిచినప్పుడు వేరే అంకె రావడానికి మోసమే కారణం కానక్కరలేదు. వేరే వైద్యుడు, వేరే మార్గదర్శకం చాలు, ఎందుకంటే 2001 నాటి లెక్కల స్థానంలో 2018లోనూ, 2024లోనూ కొత్తవి వచ్చాయి. నోటీసు అందుకున్న మనిషి ఆసుపత్రి కాగితాలన్నీ పోగుచేసుకుని అప్పీలు రాసుకుని మళ్లీ వైద్య మండలి ముందు నిలబడాలి, మండల సమాఖ్య గట్టిగా లేని చోట ఈ పనులన్నీ ఇంటివారి మీదే పడతాయి.