మౌనము – అర్ధాంగీకారము : 1935నాఁటి వాణిజ్యబహిష్కారము

ఒక దేశముతోడి క్రయవిక్రయములను మాన్పించుటకుఁ బలుదేశము లొక్కచోఁ గూడినపుడు, సభలో వినఁబడిన మాటకంటె సభకు వెలుపల నడచిన మంతనములే ఫలమును నిర్ణయించుట కలదు. దీనికి ముఖ్యోదాహరణము 1935వ సంవత్సరమున నానాజాతిసమితి ఇటలీపై విధించిన వాణిజ్యబహిష్కారము. అది విఫలమైనదని యందఱు నెఱుఁగుదురు. ఏల విఫలమైనదో విచారింతము.

సమితి నిబంధనపత్రములోని 16వ ప్రకరణము విధిరూపమైనది. ఒప్పందమును మీఱి యుద్ధమునకుఁ దొడఁగిన సభ్యదేశముతోడి వాణిజ్యమును, ధనసంబంధమును దక్కిన సభ్యులు వెంటనే తెంచుకొనవలెనని దాని యర్థము. మా వ్యాకరణపరిభాషలో నిది నిత్యవిధి. కాని 1921లో మహాసభ చేసిన వ్యాఖ్యానతీర్మానములు, ఒప్పందభంగము జరిగినదా లేదా యని ప్రతిసభ్యదేశమును దనకుఁ దానే నిర్ణయించుకొనవలెననియు, బహిష్కారమును గ్రమక్రమముగా నమలు జరుపవచ్చుననియుఁ జెప్పినవి. సూత్రము మాఱలేదు, వృత్తి మాఱినది. నిత్యము వైకల్పికమయ్యెను. వికల్పమున్నచోట నిచ్ఛకుఁ దావు; ఇచ్ఛ యున్నచోటఁ బ్రార్థనకును బెదరింపునకును దావు.

1935 అక్టోబరు 3న ఇటలీసేనలు ఇథియోపియాలోఁ జొచ్చినవి. 7వ తేదిని సమితి కౌన్సిలు, ఇటలీ నిబంధనను మీఱినదని నిర్ణయించెను. పిమ్మట మహాసభలో, సమ్మతింపనివారు మాటలాడవలసినదనియు, తక్కినవారి మౌనము సమ్మతిగా గ్రహింపఁబడుననియు నధ్యక్షుఁడు బెనెష్ పలికెను. ఇటలీ గాక, దానితోడి పొత్తు వీడలేని ఆస్ట్రియా, హంగెరీ, అల్బేనియాలు మాత్రమే వేఱుపడెను. ఏఁబది దేశములు సమ్మతించినట్లు లెక్కింపఁబడెను. వానిలో హిందూదేశమును గలదు. కాని యచట మనకై కూర్చున్నవారు ప్రభుత్వము నియమించినవారే కాని ప్రజ లెన్నుకొన్నవారు గారు. మౌన మర్ధాంగీకారమని లోకోక్తి. మిగిలిన యర్ధమే తరువాతి కథ.

నవంబరు 18 నుండి బహిష్కార మమలులోనికి వచ్చెను. ఆయుధములు, ఋణములు, ఇటలీసరకుల దిగుమతి నిషేధింపఁబడెను. ఇటలీకిఁ బంపఁగూడని వస్తువుల పట్టికలో రబ్బరు, తగరము మొదలైనవే కాక గుఱ్ఱములు, కంచరగాడిదలు, ఒంటెలును జేరెను. పెట్రోలు మాత్రము చేరలేదు! మోటారుబండ్లతోడను విమానములతోడను యుద్ధము సేయువానికి ఒంటెను నిరాకరించి చమురు నమ్మిరన్నమాట.

ఈ లోపమును జూడనివారు లేకపోలేదు. నవంబరు 2న కెనడాప్రతినిధి వాల్టర్ రిడెల్, చమురు, బొగ్గు, ఇనుము, ఉక్కులను బట్టికలోఁ జేర్పవలెనని ప్రతిపాదించెను. 6వ తేదిని ఉపసంఘము దానిని సూత్రప్రాయముగా నంగీకరించెను. అంతట తెరవెనుక పని మొదలయ్యెను. చమురు నిషేధించినచో దానిని యుద్ధచర్యగా నెంచుదుమని ఇటలీరాయబారులు సూచించిరి. 29వ తేదిని జరుగవలసిన సమావేశమును ఫ్రెంచిమంత్రి లవాల్ వాయిదా వేయించెను. సమితిలోఁ జేరని అమెరికా చమురు నమ్ముచుండఁగా మన నిషేధ మేల యని కొందఱనిరి. డిసెంబరు 2న కెనడాప్రభుత్వము, ఆ ప్రతిపాదనము రిడెల్ సొంత యభిప్రాయమే కాని తమది కాదని ప్రకటించెను. 8వ తేదిని లవాలును, ఆంగ్లమంత్రి హోరును ఇథియోపియాలోఁ బెద్దభాగము నిటలీకిఁ గట్టఁబెట్టు సంధి నేర్పఱచిరి. అది పత్రికలకెక్కఁగా నింగ్లండున నలజడి రేఁగి, 18న హోరు పదవి విడిచెను. మంత్రి పోయెను గాని చమురు నిషేధము రాలేదు.

1936 మే 5న ఆడిస్ అబాబా ఇటలీవశమయ్యెను. జూను 30న హైలీ సెలాసీ చక్రవర్తి స్వయముగా జెనీవా మహాసభలో మొఱపెట్టుకొనెను. నాలుగు దినములకు బహిష్కారము నెత్తివేయుటకు మహాసభ తీర్మానించెను. ప్రతికూలముగాఁ బలికినది ఇథియోపియా యొక్కటియే. జూలై 15న నిషేధములు తొలఁగెను.

చమురును నాపియుండినచో నొక వారములో ఇథియోపియానుండి మరలవలసి వచ్చియుండెడిదని ముస్సోలినీ 1938లో హిట్లరుతోఁ జెప్పినట్లు దుబాసి పాల్ ష్మిట్ వ్రాసియున్నాఁడు. అది నిజమగునేని, బెదరినవారికంటె బెదరించినవాఁడే యెక్కువ భయపడియుండెననుట స్పష్టము. కావున నిట్టి సభల చరిత్ర వ్రాయువారు చేతు లెత్తినవారి సంఖ్యతోఁ దృప్తిపడరాదు. పట్టికలోఁ జేరిన వస్తువు లేవి, చేరనివి యేవి, చేరకుండఁ జేసినవా రెవరు అని యడుగవలెను. విధిబలము దాని యపవాదములను బట్టియే తెలియును.