పరీక్ష రాయడానికి వచ్చిన పిల్లలు

నైజీరియా మనకు బొత్తిగా తెలియని దేశమేం కాదు. 1970లలో అక్కడ చమురు డబ్బు ధారాళంగా వచ్చింది. 1976లో పిల్లలందరికీ ఉచితంగా ప్రాథమిక విద్య అని ప్రకటించారు. బడులు ఎక్కువ, పంతుళ్ళు తక్కువ. ఆ రోజుల్లో మన దేశం నుంచి ఎందరో టీచర్లు అక్కడికి వెళ్ళి పాఠాలు చెప్పి వచ్చారు. అంత డబ్బూ అంత ఆశా ఉన్న దేశం 2014లో ఒక్క ఆడపిల్లల బడిని కాపాడుకోలేకపోయింది. ఆ సంగతే చెబుతాను, వినండి.

ఈశాన్య మూలన బోర్నో రాష్ట్రం ఉంది. చమురు దొరికేదేమో దక్షిణాన, ఇక్కడ మిగిలింది బీదతనం. పాశ్చాత్య చదువు పాపమని చెప్పే బోకో హరామ్ ముఠా ఇక్కడే పుట్టింది. దాని నాయకుడు మహమ్మద్ యూసుఫ్‌ని 2009 జూలైలో సైన్యం ప్రాణాలతోనే పట్టి పోలీసులకి అప్పగించింది. కోర్టూ లేదు, విచారణా లేదు, పోలీసుల చేతుల్లోనే అతను పోయాడు. పీడ వదిలిందనుకున్నారు కాబోలు. వదల్లేదు సరికదా, ముఠా మరింత క్రూరంగా తిరిగొచ్చింది.

2014 వచ్చేసరికి ఆ చుట్టుపక్కల బళ్ళు భయంతో మూతపడ్డాయి. చిబోక్ అనే ఊళ్ళో బడిని మాత్రం ఆఖరి సంవత్సరం పరీక్షల కోసం తెరిచారు. పిల్లలు వచ్చి హాస్టల్లో దిగారు. ఏప్రిల్ 14 రాత్రి సైనికుల దుస్తుల్లో వచ్చిన దుండగులు 276 మంది ఆడపిల్లల్ని లారీల్లో ఎక్కించుకుపోయారు. 57 మంది లారీల మీంచి దూకో, పొదల్లో దాక్కునో బయటపడ్డారు. మిగిలినవాళ్ళు 219 మంది.

దాడి జరగబోతోందని సైన్యానికి నాలుగు గంటలు ముందే కబురు అందిందని ఆమ్నెస్టీ సంస్థ తర్వాత బయటపెట్టింది. అయినా సాయం రాలేదు. ఎందుకు రాలేదంటారా? ముఠా దగ్గరున్నపాటి ఆయుధాలు సైనికుల దగ్గర లేవు. ఆ ఏడాది డిసెంబరులోనే, ముఠా మీదికి వెళ్ళనన్నారని 54 మంది సిపాయిలకి సైనిక కోర్టు మరణశిక్ష వేసింది. తమకు సరైన ఆయుధాలు ఇవ్వలేదన్నది వాళ్ళ వాదన. తర్వాత శిక్ష తగ్గించారు. మరుసటి ఏడు, ఆయుధాల కోసం కేటాయించిన సొమ్ములో రెండు వందల కోట్ల డాలర్లకు పైగా పక్కదారి పట్టించారన్న ఆరోపణ మీద మాజీ భద్రతా సలహాదారు అరెస్టయ్యాడు. ఆయన కాదన్నాడనుకోండి.

పిల్లలు పోయిన మర్నాడు అధ్యక్షుడు జొనాథన్ కానోలో పార్టీ సభకి వెళ్ళాడు. ఆ మర్నాడు సైన్యం, దాదాపు అందర్నీ విడిపించాం, ఎనిమిది మందే మిగిలారు అని ప్రకటించి, ఒక్క రోజులోనే ఆ మాట వెనక్కి తీసుకుంది. అధ్యక్షుడు ప్రజల ముందు ఈ విషయం మాట్లాడింది మే 4న! సాయంత్రం ఆరుకి రావలసిన పిల్ల ఏడైనా రాకపోతే మనం వీధి గుమ్మంలోంచి కదలం కదా. ఆ తల్లులు ఇరవై రోజులు ఎట్లా గడిపారో! తండ్రులైతే మోటారు సైకిళ్ళ మీద, చేతికందిన ఆయుధంతో సంబిసా అడవిలోకి వెతకడానికి బయల్దేరారు.

చివరికి ఏప్రిల్ 30న రాజధాని అబూజాలో ఆడవాళ్ళు ఎర్రబట్టలు కట్టుకుని వానలో తడుస్తూ పార్లమెంటు దాకా నడిచారు. మాజీ మంత్రిణి ఓబీ ఎజెక్వెసిలి వాళ్ళ ముందు నిలిచింది. ఆ దేశపు స్త్రీలకి ఇది కొత్త కాదు లెండి. 1929లో తమ మీద పన్ను వేస్తారేమోనన్న భయంతో వేలమంది బ్రిటిషు పాలన మీద తిరగబడితే, కాల్పుల్లో యాభై మంది దాకా చచ్చిపోయారు.

2015 ఎన్నికల్లో జొనాథన్ ఓడిపోయాడు. భద్రత తెస్తానని మాజీ సైన్యాధికారి బుహారి గద్దెనెక్కాడు. 2016లో 21 మంది, 2017లో 82 మంది బేరాల మీద విడుదలయ్యారు. పదేళ్ళు నిండిన 2024 నాటికి ఇంకా ఎనభై మందికి పైగా ఇల్లు చేరలేదు.

బుహారి ఏలుబడిలోనే, 2018 ఫిబ్రవరిలో, దాప్చి అనే ఊళ్ళో బడి నుంచి 110 మంది ఆడపిల్లల్ని ఎత్తుకుపోయారు. ఎక్కువమంది మార్చిలో తిరిగొచ్చారు. ఆ ఊళ్ళో కాపలా ఉన్న సైనికుల్ని, దాడికి కొద్ది వారాల ముందే, వేరేచోటికి పంపేశారు.