పట్టా రాకముందు పనులు

నారాయణఖేడ్ నుంచి హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. బీదర్ అంతకంటే దగ్గర. ఈ ప్రాంతపు పిల్లలు పైచదువులు చదువుతూ ఏయే పనులు చేశారన్న ప్రశ్నకు సగం జవాబు ఈ దూరంలోనే దొరుకుతుంది. కాలేజీ ఉన్నచోట తెలిసినవాళ్ళు ఉండరు. తెలిసినవాళ్ళున్న చోట కూలి తప్ప వేరే పని ఉండదు. ఏ కోర్సులో చేరాడన్నదాని కంటే, ఏ ఊళ్ళో ఎవరి పంచన తలదాచుకున్నాడన్నదే వందేళ్ళుగా విద్యార్థి చేసే పనిని నిర్ణయిస్తూ వచ్చింది.

1956కు ముందు నారాయణఖేడ్ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాలో కలిసింది. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లాకు వచ్చింది. నిజాం కాలంలో ఇక్కడి కుర్రాడు మెట్రిక్ దాటి చదవాలంటే గుల్బర్గాలోని ఇంటర్మీడియట్ కాలేజీకో, హైదరాబాద్‌కో పోవాల్సిందే. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగేది. తెలుగు, కన్నడం, మరాఠీ, లంబాడీ, ఉర్దూ కలగలిసి వినిపించే ఈ సరిహద్దు పల్లెల పిల్లలకు ఉర్దూతో పెద్ద తంటా లేదు. పట్నంలో తిండీ నీడా సంపాదించడమే తంటా.

ఆ రోజుల్లో పేద విద్యార్థిని ముందుగా వేధించింది తిండే, ఫీజు సంగతి ఆ తర్వాత. దానికి తెలుగునాట పాత ఏర్పాటు వారాలు చేసుకోవడం. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం మరో ఇంట్లో, అలా వారానికి ఏడు గడపలు. దీన్ని అన్నదానం కింద లెక్కగట్టారు గానీ, వారాలబ్బాయి ఊరికే తిని వచ్చేవాడు కాదు. బావిలో నీళ్ళు తోడేవాడు, అంగడికి పోయి సరుకులు తెచ్చేవాడు, ఆ ఇంటి పిల్లలకు ఎక్కాలు చెప్పేవాడు. నా లెక్కలో విద్యార్థి చేసిన తొలి పార్ట్‌టైం ఉద్యోగం ఇదే. జీతం మాత్రం విస్తట్లోనే. కోస్తాలో టంగుటూరి ప్రకాశం చదువు సాగిందంటే తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపినందువల్ల. ఆ కాలపు ఆత్మకథలు ఏవి తీసినా ఎవరో ఒకరి వంటింటి పొగ కనిపిస్తుంది.

అయితే వారాలకు కులం గోడ ఉంది. బ్రాహ్మణ ఇళ్ళ గడప ఎక్కువగా బ్రాహ్మణ పిల్లలకే తెరుచుకునేది. మిగతా కులాల్లో కాస్త స్తోమత ఉన్నవాళ్ళు తమ పిల్లలకు హాస్టళ్ళు కట్టుకున్నారు. 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పూనికతో హైదరాబాద్‌లో వచ్చిన రెడ్డి హాస్టల్ అలాంటిదే. సురవరం ప్రతాపరెడ్డి అక్కడ పనిచేస్తూనే 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. దళిత వాడ నుంచి, తండా నుంచి వచ్చే పిల్లవాడికి వారమూ లేదు, హాస్టలూ లేదు. 1944లో షెడ్యూల్డ్ కులాల వారికి మెట్రిక్ తర్వాతి స్కాలర్‌షిప్ మొదలై, కొన్నేళ్ళకు షెడ్యూల్డ్ తెగలకూ విస్తరించింది. అలాంటి పిల్లల చదువుకు ఆధారం మెల్లగా అక్కడి నుంచే మొదలైంది.

తిండి గడిచాక చేతి ఖర్చుకు పని కావాలి. అందులో మొదటిది, ఇప్పటికీ చావనిది, ట్యూషన్. పెట్టుబడి అక్కర్లేదు. సాయంత్రం రెండు గంటలు చాలు. చెప్పేవాడికీ పాఠం మరోసారి వస్తుంది. రెండోది అచ్చు పని. తెలుగు పత్రికలు పెరిగే కొద్దీ ప్రూఫులు దిద్దే వాళ్ళ అవసరం పెరిగింది. వట్టికోట ఆళ్వారుస్వామి యూనివర్సిటీ గడప తొక్కలేదు గానీ, ఇళ్ళల్లో వంట చేసి, హోటల్లో సర్వరుగా ఉండి, గోలకొండ పత్రికలో ప్రూఫులు చూసి, 1938 నాటికి దేశోద్ధారక గ్రంథమాల పెట్టే స్థాయికి వచ్చాడు. పని చేస్తూ చదువుకోవడం అంటే ఏమిటో తెలంగాణలో ఆయన్ని మించిన ఉదాహరణ నాకు కనబడలేదు.

సముద్రం దాటినవాళ్ళ కథ కూడా వేరుగా లేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల్లో హార్వర్డ్‌లో చదువుతూ బోస్టన్ ఆసుపత్రిలో రాత్రి పనికి కుదిరాడు. వైద్యం చదివి వచ్చిన మనిషి రోగుల మలమూత్రాల పాత్రలు కడిగాడు. తర్వాతి కాలంలో ఆయన నడిపిన పరిశోధనల నుంచే ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ల జాతికి చెందిన ఆరియోమైసిన్ మందులు వచ్చాయి. ఇవాళ అమెరికా పోయే మన పిల్లలు పెట్రోలు బంకుల్లో, ఇండియన్ రెస్టారెంట్లలో చేసే పనుల గురించి ఊళ్ళో చెప్పడానికి సిగ్గుపడతారు. సుబ్బారావు పేరు గుర్తుంటే ఆ సిగ్గు కొంత తగ్గుతుంది.

స్వాతంత్ర్యం తర్వాత మూడు దశాబ్దాలు ఖేడ్ లాంటి చోట్ల పెద్దగా మార్పు లేదు. పొలం పని, కిరాణా దుకాణంలో లెక్కలు రాయడం, ట్యూషన్. అసలు మార్పు సర్కారు వైపు నుంచి వచ్చింది. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. చాలా ఊళ్ళలో రాత్రి బడి. అక్కడ కందిలి వెలుగులో పెద్దవాళ్ళకు అక్షరాలు దిద్దించే బోధకుడికి నెలకు 50 రూపాయల గౌరవ వేతనం. ఇంటర్, డిగ్రీ చదివే పల్లె కుర్రాళ్ళకు సొంత ఊళ్ళో, చదువుకు సంబంధించిన పని దొరకడం దాదాపు అదే మొదలు. 50 రూపాయలు అప్పటికీ పెద్ద మొత్తమేం కాదు. ఆ డబ్బు కన్నా ఊళ్ళో ‘సార్’ అనిపించుకోవడమే ఎక్కువ మందిని లాగిందనుకుంటాను.

1982 ఆగస్టులో హైదరాబాద్‌లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. తర్వాత దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్ పాసు కాకపోయినా, అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అది కల్పించింది. తరగతులు ఆదివారాలు, సెలవు రోజుల్లో. అప్పటిదాకా చదువు చుట్టూ పనిని సర్దుకునేవాళ్ళు. ఇక్కడ పని చుట్టూ చదువును సర్దారు. బస్సు కండక్టర్లు, బడి పంతుళ్ళు, ఆఫీసు అటెండర్లు, దుకాణాల్లో గుమస్తాలు డిగ్రీలు తెచ్చుకున్నది ఈ దారిలోనే. విద్యార్థి ఉద్యోగాల చరిత్రలో దీనికి ఇవ్వాల్సినంత చోటు ఎవరూ ఇవ్వలేదు.

ఆ వెనకే చిన్న పట్నాల్లో కొత్త రకం పనులు పుట్టుకొచ్చాయి. 1989లో ఈనాడు జిల్లా సంచికలు మొదలుపెట్టింది, మిగతా పత్రికలూ ఆ బాట పట్టాయి. మండలానికో విలేకరి కావలసి వచ్చాడు. జీతం కాదు, అచ్చయిన వార్తను స్కేలుతో కొలిచి ఇచ్చే లైన్ అకౌంటు. ఆ పనికి ముందుకొచ్చింది ఎక్కువగా డిగ్రీ చదివేవాళ్ళు, అప్పుడే చదువు ముగించినవాళ్ళు. బస్టాండు ముందు పసుపు రంగు బోర్డుల ఎస్‌టీడీ బూతులు, తర్వాత జిరాక్సు, డీటీపీ సెంటర్లు, ఆ తర్వాత మీసేవ కేంద్రాలు. బూతులో కూర్చున్న కుర్రాడు బిల్లు మీటరు ఒక కంట, పుస్తకం ఒక కంట చూసేవాడు. సెల్‌ఫోన్ రాగానే ఆ బూతులు మాయమయ్యాయి. ట్యూషన్ తప్పిస్తే విద్యార్థికి దొరికే పని ఎక్కువగా ఇంతే, ఎంతోకాలం నిలవదు.

ఇదంతా బజారు ఉన్న ఊరి మాట. ఖేడ్ చుట్టుపక్కల తండాలది వేరే లెక్క. చలికాలం మొదలైతే ఇక్కడి నుంచి కుటుంబాలకు కుటుంబాలే చెరుకు కొట్టడానికి వలస పోతాయి. జహీరాబాద్, సంగారెడ్డి వైపు చెరుకు తోటలకు, కర్ణాటక, మహారాష్ట్రలకు కూడా. మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇస్తాడు, గానుగ సీజన్ అయ్యేదాకా దాన్ని పనితో తీర్చాలి. మొగుడూ పెళ్ళాలను ఒక జతగా లెక్కిస్తారు. డిగ్రీలో చేరిన కొడుకో కూతురో ఉంటే రెండే దారులు. ఇంట్లో ముసలివాళ్ళను, గొడ్లను చూసుకుంటూ కాలేజీకి పోవడం, లేదంటే సెలవుల్లో చెరుకు తోటకు పోయి తల్లిదండ్రుల పనికి చెయ్యందించడం. ఈ రెండో పనికి విడిగా కూలి ఉండదు, అడ్వాన్సులోంచి తగ్గుతుంది. విద్యార్థి సంపాదన గురించి మాట్లాడేటప్పుడు ఇలా ఇంటి అప్పులో కలిసిపోయే కష్టాన్ని మనం లెక్కలోకే తీసుకోం.

2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకం అమల్లోకి వచ్చినప్పుడు తొలి విడత జిల్లాల్లో మెదక్ ఒకటి. జనం నోట దాని పేరు కరువు పని. పద్దెనిమిదేళ్ళు నిండి జాబ్‌కార్డులో పేరుంటే చాలు, కాలేజీలో చదువుతున్నా పనికి పోవచ్చు. వేసవి సెలవుల్లో తల్లి పక్కనే తట్ట మోసి, జూన్‌లో ఆ డబ్బుతో ఫీజు కట్టిన పిల్లలు తెలంగాణ పల్లెల్లో తక్కువేం కాదు. ఆడపిల్లలకైతే ఇది మరీ అక్కరకొచ్చింది. వాళ్ళకు ఇంటి గడప దాటకుండా దొరికేవి బట్టలు కుట్టడం, చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్పడం, పొరుగున కామారెడ్డి, నిజామాబాద్ వైపైతే బీడీలు చుట్టడం. ఊరి చెరువులో, అందరి కళ్ళముందు, మగవాడితో సమానమైన కూలి రేటుకు చేసే పని అంతకు ముందు వాళ్ళకు ఎక్కడిది?

2016లో ఇంకో మలుపు వచ్చింది, దాన్ని చాలామంది గమనించలేదు. డిగ్రీ కాలేజీల్లో ఏడాది పరీక్ష పోయి సెమిస్టర్ పద్ధతి వచ్చింది. అంతకు ముందు అక్టోబరు దాకా ఎక్కడో పని చేసి, చివరి నెలల్లో పుస్తకం పట్టి, మార్చిలో పరీక్ష రాసి గట్టెక్కిన వాళ్ళు చాలామంది. ఇప్పుడు ఆరు నెలలకోసారి పరీక్ష, మధ్యలో ఇంటర్నల్స్, దానిపైన 75 శాతం హాజరు. చదువు పరంగా ఇది మంచిదే. నెలల తరబడి చేసే సీజన్ పనులు మాత్రం విద్యార్థి చేజారాయి. గంటల లెక్కన, రాత్రి పూట లెక్కన దొరికే పనులే మిగిలాయి.

అవి పట్నంలోనే ఉన్నాయి. ఖేడ్ నుంచి హైదరాబాద్ చేరి, అశోక్‌నగర్ గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉండేవాళ్ళను, ఉస్మానియా హాస్టళ్ళలో నాన్‌బోర్డర్లుగా సర్దుకునేవాళ్ళను అడిగితే మొదట చెప్పే పేరు క్యాటరింగ్. పెళ్ళిళ్ళలో వడ్డించే పని. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు ఉంటే చాలు. ఒక పూటకు కొన్ని వందలు, పైగా కడుపునిండా భోజనం. కూలి డబ్బు ఆ రాత్రే చేతికొస్తుంది. ఈ ఉద్యోగానికి క్యాలెండర్ పంచాంగమే. మాఘం, ఫాల్గుణం, వైశాఖం గిరాకీ. ఆషాఢం, పుష్యం ఖాళీ. పట్నంలో బీటెక్ చదివేవాడూ ముహూర్తాలు చూసుకుని నెల ఖర్చు లెక్కేసుకుంటాడు.

తర్వాతివి యాప్ కొలువులు. స్విగ్గీ, జొమాటో, రాపిడో. పద్దెనిమిదేళ్ళు, లైసెన్సు, బండి, ఫోన్ ఉంటే ఎవరి సిఫారసూ అక్కర్లేదు. తండా పిల్లవాడికి, ఉన్నవాళ్ళ పిల్లవాడికి ఒకే రేటు. వారాల కాలంలో గడప దగ్గరే ఆపేసిన కులం ప్రశ్న ఇక్కడ లేకపోవడం చిన్న విషయం కాదు. కానీ బండి కిస్తీ, పెట్రోలు పోను మిగిలేది ఎంతో చాలామంది లెక్క చూసుకోరు. రాత్రి పదకొండుకు ఆర్డర్ తీసుకున్నవాడు పొద్దున తొమ్మిదింటి క్లాసులో ఏం వింటాడు? 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇలాంటి కార్మికులకు 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించింది. అది మేలే. అయినా ప్రమాదం జరిగాక ఇచ్చే బీమాకు, పని గంటలకు హద్దు పెట్టడానికి చాలా తేడా ఉంది. అమెరికా తన దగ్గరకు వచ్చే విదేశీ విద్యార్థికి చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్‌లోనే అని గీత గీసింది. కెనడా క్యాంపస్ బయట పనికి 2024 నవంబరు నుంచి 24 గంటలు అంది. మన పిల్లలు అక్కడికి పోతే చట్టం ప్రకారం ఆ గంటల లెక్కకు కట్టుబడాలి, ఇక్కడుంటే లెక్క అడిగేవాడు లేడు.

ఖేడ్ పిల్లలకు ఒక ప్రత్యేకమైన బలం ఉంది, దాన్ని వాళ్ళే గుర్తించరు. హైదరాబాద్ కాల్‌సెంటర్లలో తెలుగుతో పాటు కన్నడం, మరాఠీ, హిందీ మాట్లాడగలిగే వాళ్ళకు గిరాకీ. సరిహద్దు ఊళ్ళో పెరిగినవాడికి ఆ భాషలు సంతలో అబ్బినవే. బయోడేటాలో మాత్రం తెలుగు, ఇంగ్లిష్ అని రాసి ఊరుకుంటాడు. ఎన్నికలప్పుడు పోలింగ్ కేంద్రాల్లో వెబ్‌కాస్టింగ్‌కు లాప్‌టాప్ ఉన్న విద్యార్థులను పిలిచి రోజు భత్యం ఇచ్చిన సందర్భాలున్నాయి. నవోదయ, గురుకులాల ప్రవేశ పరీక్షలకు చిన్నపిల్లలను తయారుచేసే శిక్షణకు పల్లెల్లోనూ గిరాకీ ఉంది. చదువుకు కాస్త దగ్గరగా ఉన్న పనులు ఇవే, ఇవి కొందరికే అందుతున్నాయి.

ప్రభుత్వమే ఫీజు భరించే రీయింబర్స్‌మెంట్ పథకం ఉండగా పిల్లలు పనికి పోవడమెందుకని అడిగేవాళ్ళున్నారు. ఆ డబ్బు సమయానికి రాక పేరుకున్న బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు మూసేసి నిరసన తెలిపిన రోజులు కూడా చూశాం. బకాయి తీరేదాకా సర్టిఫికెట్ ఆగుతుంది, గది అద్దె మాత్రం ఆగదు.

అమెరికాలో 1964 నుంచి ప్రభుత్వ డబ్బుతో కాలేజీలోనే విద్యార్థికి పని ఇచ్చే పథకం నడుస్తోంది. మన దగ్గర ‘సంపాదిస్తూ చదువు’ అన్న మాట ఏళ్ళుగా వినబడుతున్నా చాలా కాలేజీల్లో కాగితం దాటలేదు. గ్రంథాలయం సిబ్బంది లేక సాయంత్రం మూతపడుతుంది, ల్యాబులో కంప్యూటర్లు చూసే మనిషి ఉండడు, స్కాలర్‌షిప్ దరఖాస్తుల సీజన్‌లో ఆఫీసు ముందు వరసలు. ఈ పనులన్నీ రోజుకు రెండు గంటల చొప్పున అక్కడ చదివే పిల్లలే చేయగలరు, నెలాఖరున వాళ్ళ ఖాతాలో డబ్బు పడాలి అంతే. మొదలుపెట్టదలిస్తే నారాయణఖేడ్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీతో మొదలుపెట్టండి. పట్నం కాలేజీలకు చుట్టూ బజారు ఉంది, ఖేడ్ పిల్లలకు కాలేజీ తప్ప గంటల లెక్కన పని ఇవ్వగలిగిన చోటు దాదాపు లేదు.