సముద్రం అడుగున కొలువు చేసినవాళ్ళు

విశాఖపట్నం వెళ్ళిన ప్రతి తెలుగువాడూ రామకృష్ణా బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూసే ఉంటాడు. టికెట్ కొని ముందు వైపు ఎక్కి, వంగి వంగి నడిచి, వెనక వైపు దిగి, ఫోటో తీయించుకుని మురీ మిక్చర్ తింటూ ఇంటికెళ్ళిపోతాం. ఆ ఇనుప గొట్టంలో నెలల తరబడి బతికిన మనుషులు ఏమయ్యారన్న ప్రశ్న మనలో చాలామందికి రాదు. నిజం చెప్పాలంటే నాకూ రాలేదు, హమ్రియాలో మా పక్క బిల్డింగులో ఉండిన ఒక పెద్దాయన పోయేదాకా.

ఆయన పేరు రాయడం లేదు, ఇంట్లోవాళ్ళ కోరిక అది. మేమంతా బాబాయిగారూ అనేవాళ్ళం. మస్కట్‌లో పాతికేళ్ళ పైగా జనరేటర్ మెకానిక్‌గా పనిచేసి విశాఖకు తిరిగి వెళ్ళిపోయారు. రాత్రిపూట కరెంటు పోయి ఏసీ ఆగితే గదిలో అందరికంటే ముందు లేచేవారు. లేచి ముందు గాలి వాసన చూసేవారు, ఆ తర్వాతే టార్చి వెతికేవారు. అది ఆయన చాదస్తం అనుకునేవాళ్ళం. ఆయన పోయాక ఇక్కడివాళ్ళం నాలుగు వాక్యాల సంతాపం రాసి పంపాం: మంచి మనిషి, పనిమంతుడు, అందరికీ సాయపడేవారు, ఆత్మకు శాంతి కలగాలి. తర్వాత వాళ్ళమ్మాయి ఒక ఫోటో పంపింది. సబ్‌మెరైన్ డెక్ మీద నలుగురు కుర్రాళ్ళు. వెనక పెన్సిల్‌తో "వాగ్లి, 1976" అని ఉంది. "అన్నయ్యా, నాన్న నేవీలో చేశారని తెలుసుగానీ ఏం చేశారో మాకూ తెలీదు, ఎప్పుడూ చెప్పేవారు కాదు" అని రాసింది.

ఈ వ్యాసం ఆ ఫోటో గురించే. సబ్‌మెరైన్లలో పనిచేసి కన్నుమూసిన వాళ్ళను ఎవరు, ఎలా గుర్తుపెట్టుకుంటున్నారు, మనం చేయగలిగింది ఏమిటి అన్నవి తెలిసినంత వరకు ఇక్కడ ఒకచోట చేర్చాను.

ఎక్కడ మొదలైంది

భారత నౌకాదళంలో సబ్‌మెరైన్ విభాగం పుట్టినరోజు 1967 డిసెంబర్ 8. ఆనాడు అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగా రేవులో మన మొదటి సబ్‌మెరైన్ ఐ.ఎన్.ఎస్. కల్వరి నౌకాదళంలో చేరింది. ఏటా డిసెంబర్ 8ని సబ్‌మెరైన్ దినంగా జరుపుకోవడం అందుకే. మొదటి బృందాలు వ్లాదివోస్తోక్‌లో శిక్షణ పొందాయి. సోవియట్ యంత్రాలు, సోవియట్ పుస్తకాలు కాబట్టి ముందు రష్యన్ భాష నేర్చుకోవాల్సి వచ్చింది. 1967 యుద్ధంతో సూయజ్ కాలువ మూతపడటంతో కల్వరి ఆఫ్రికా ఖండం మొత్తం చుట్టుకుని 1968లో విశాఖకు చేరింది.

తర్వాత ఖండేరి (1968), కరంజ్ (1969), కురుసుర (1969 డిసెంబర్ 18) వచ్చాయి. రెండో విడతగా 1973, 74లలో వేలా, వాగిర్, వాగ్లి, వాగ్షీర్ చేరాయి. ఈ ఎనిమిదీ పాశ్చాత్యులు ఫాక్స్‌ట్రాట్ అని పిలిచే తరగతివి. విశాఖలో సబ్‌మెరైన్ల స్థావరం ఐ.ఎన్.ఎస్. వీరబాహు 1971 మే 19న ఏర్పడింది. శిక్షణ పాఠశాల పేరు ఐ.ఎన్.ఎస్. శాతవాహన. దేశంలో ఏ మూల నుంచి వచ్చిన కుర్రాడైనా సబ్‌మెరైనర్ కావాలంటే మన శాతవాహనుల పేరున్న ఆ గేటు దాటాల్సిందే! అలా వచ్చిన వాళ్ళలో చాలామంది రిటైరయ్యాక విశాఖలోనే ఇళ్ళు కట్టుకుని ఉండిపోయారు.

బోటు లోపల బతుకు

నేవీలో మిగతావి ఎంత చిన్నవైనా షిప్పులే, సబ్‌మెరైన్ మాత్రం ఎంత పెద్దదైనా బోటే. కురుసుర పొడవు 91 మీటర్ల పైచిలుకు, వెడల్పు ఏడున్నర మీటర్లు. అందులో ఏడు గదులు, 22 టార్పెడోలు, బ్యాటరీలు, మూడు డీజిల్ ఇంజన్లు, ఇవన్నీ పోగా మిగిలిన సందుల్లో సుమారు 75 మంది మనుషులు. ఒకరు డ్యూటీకి లేస్తే ఆ పడకలో ఇంకొకరు పడుకునేవారు. మంచినీళ్ళు తాగడానికి, వంటకే. స్నానం అన్న మాట మర్చిపోవాల్సిందే. ఉతికే వీలు లేదు కాబట్టి కొన్నాళ్ళు వేసుకుని పారేసే బట్టలు ఇచ్చేవారు. డీజిల్ వాసన ఒంటికి పట్టి ఇంటికొచ్చాక కూడా రోజుల తరబడి వదిలేది కాదు.

నీటి కింద ఉన్నప్పుడు ఈ బోట్లు బ్యాటరీల మీదే నడుస్తాయి. బ్యాటరీలు ఛార్జ్ చేసుకోవాలంటే నీటిమట్టానికి దగ్గరగా వచ్చి, గాలి పీల్చే గొట్టం పైకెత్తి, డీజిల్ ఇంజన్లు నడపాలి. ఛార్జ్ అయ్యేటప్పుడు బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. అది ఒక హద్దు దాటితే చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే సబ్‌మెరైన్‌లో గాలిని కనిపెట్టుకుని ఉండటం అందరి పని. వంటవాడికైనా ప్రతి గదిలో ఏ వాల్వు ఎక్కడుందో తెలియాలి. అలా బోటు మొత్తం నేర్చుకుని పరీక్ష నెగ్గినవాడికే ఛాతీ మీద పెట్టుకునే డాల్ఫిన్ల బ్యాడ్జి దక్కుతుంది.

గాలి ఆగగానే లేచి వాసన చూసే బాబాయిగారి "చాదస్తం" ఏమిటో ఇది చదివాక గానీ నాకు అర్థం కాలేదు.

కొలువులోనే పోయినవారు

2013 ఆగస్టు 14న, అర్ధరాత్రి దాటాక, ముంబయి నావల్ డాక్‌యార్డులో ఉన్న ఐ.ఎన్.ఎస్. సింధురక్షక్‌లో పేలుళ్ళు జరిగాయి. బోటు రేవులోనే మునిగిపోయింది. లోపలున్న 18 మంది, అంటే ముగ్గురు అధికారులు, 15 మంది నావికులు చనిపోయారు. వారిలో విశాఖ ప్రాంతానికి చెందిన మన తెలుగు కుర్రాళ్ళూ ఉన్నారు. మర్నాడు దేశమంతా స్వాతంత్ర్య దినోత్సవం, ఆ ఇళ్ళలో మాత్రం కబురు కోసం ఎదురుచూపులు. బోటును 2014లో పైకి తీశారు, 2017లో అరేబియా సముద్రంలో లోతుకు దించేశారు.

ఆరు నెలలు దాటిన కొద్ది రోజులకే, 2014 ఫిబ్రవరి 26న సింధురత్నలో పొగ కమ్ముకుని ఇద్దరు అధికారులు మరణించారు. వరుస ప్రమాదాలకు నైతిక బాధ్యత వహిస్తూ అప్పటి నౌకాదళాధిపతి అడ్మిరల్ డి.కె. జోషి అదే రోజు రాజీనామా చేశారు.

ఇలా విధుల్లో పోయిన వారి పేర్లు నౌకాదళం రికార్డుల్లో ఉంటాయి, స్మారక దినాల్లో పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. విశాఖ బీచ్ రోడ్డులో 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం ఉంది. ఏటా డిసెంబర్ 4న నేవీ డే నాడు అక్కడ నివాళులు అర్పిస్తారు.

మన తీరంలోనే గాజీ

విశాఖ తీరానికి దగ్గరలోనే సముద్రం అడుగున ఇంకో సమాధి ఉంది. 1971 డిసెంబర్ 3-4 రాత్రి పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ, కమాండర్ జాఫర్ మహమ్మద్ ఖాన్‌తో సహా 90 మందికి పైగా సిబ్బందితో అక్కడ మునిగిపోయింది. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల వల్ల మునిగిందని మనవాళ్ళు, లోపలి పేలుడు వల్లో తన మైన్ల వల్లో మునిగిందని వాళ్ళు ఇప్పటికీ చెబుతారు. 2017లో వచ్చిన "ఘాజీ" సినిమా మన వాళ్ళందరూ చూసిందే, అయితే అది కల్పన బాగా కలిపిన కథ.

సినిమాలో లేని విషయం ఒకటుంది. మునిగిన గాజీని పరిశీలించడానికి అప్పట్లో కిందికి దిగినవారు నిస్తార్ అనే నౌక డైవర్లు. 2024లో మన నౌకాదళపు రెస్క్యూ వాహనం గాజీ శకలాన్ని మళ్ళీ గుర్తించిందని, చనిపోయినవారి మీద గౌరవంతో దాన్ని తాకలేదని పత్రికల్లో వచ్చింది. అవతలివాడు శత్రువే, అయినా అదే చీకట్లో, అదే గాలి పీల్చి పోయినవాడు. ఆ నిస్తార్ పేరుతోనే హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన కొత్త నౌక 2025 జూలై 18న విశాఖలో నౌకాదళంలో చేరింది. దాని పని ఆపదలో ఉన్న సబ్‌మెరైన్ల సిబ్బందిని కాపాడటం.

ఇతర దేశాల్లో

అమెరికాలో మరణించిన సబ్‌మెరైనర్‌ని "శాశ్వత గస్తీకి వెళ్ళాడు" అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ళు 52 సబ్‌మెరైన్లు పోగొట్టుకున్నారు. మాజీ సబ్‌మెరైనర్ల సంఘాలు సమావేశమైనప్పుడు ఆ బోట్ల పేర్లు ఒక్కొక్కటీ చదువుతూ, ఒక్కో పేరుకు ఒక్కోసారి గంట కొడతారు. లండన్‌లో థేమ్స్ ఒడ్డున 1922 నాటి సబ్‌మెరైన్ స్మారకం దగ్గర ఏటా నవంబర్‌లో మాజీ సబ్‌మెరైనర్లు గుమిగూడతారు. 2000 ఆగస్టు 12న 118 మందితో మునిగిన రష్యా సబ్‌మెరైన్ కుర్‌స్క్ పైభాగాన్ని ముర్మాన్‌స్క్ నగరంలో స్మారకంగా నిలబెట్టారు.

ఈ విషయంలో దేశాల గీతలు కూడా కొంచెం చెరుగుతాయి. 2021 ఏప్రిల్‌లో ఇండోనేషియా సబ్‌మెరైన్ నంగాలా కనబడకుండా పోతే, వెతకడంలో సాయానికి విశాఖ నుంచి మన రెస్క్యూ వాహనం బయల్దేరింది. అందులోని 53 మందీ చనిపోయారని తేలాక ఆ సాయం అవసరం లేకపోయింది.

పెన్షన్ తీసుకుని పోయినవారు

యుద్ధంలోనో ప్రమాదంలోనో పోయినవారికి స్మారకాలు ఉన్నాయి. పదిహేనేళ్ళు సముద్రం కింద పనిచేసి, ప్రాణాలతో బయటపడి, ముప్పై అయిదేళ్ళకే రిటైరై, షిప్‌యార్డులోనో బ్యాంకులోనో గల్ఫ్‌లోనో రెండో బతుకు మొదలుపెట్టి, డెబ్బయ్యో ఏట మంచంలో పోయినవాడికి ఏమీ లేదు. పేపర్లో ఒక ఫోటో, పదకొండో రోజు భోజనం, అంతే.

బోట్లకు మాత్రం పునర్జన్మ ఉంది. పాత కల్వరి పేరు 2017లో కొత్త సబ్‌మెరైన్‌కి పెట్టారు. ఖండేరి, కరంజ్, వేలా, వాగిర్, వాగ్షీర్ పేర్లూ 2019, 2025 మధ్య మళ్ళీ సముద్రంలోకి దిగాయి. కురుసుర 2001 ఫిబ్రవరి 27న విశ్రమించి, 2002 ఆగస్టులో మ్యూజియంగా మారింది. 31 ఏళ్ళలో అది తిరిగిన దూరం 73,500 నాటికల్ మైళ్ళు. లోపల మనకు దారి చూపించే గైడ్లు చాలావరకు మాజీ నావికులే. ఇనుముకు దక్కిన ఈ గౌరవం దాన్ని నడిపిన మనిషికి దక్కడం లేదు. 1969లో 22 ఏళ్ళ వయసుతో కురుసుర ఎక్కినవాడికి 2025కి 78 ఏళ్ళు. ఆ తరం వేగంగా వెళ్ళిపోతోంది. ఉద్యోగరీత్యా నోరు విప్పకూడదన్న అలవాటు వాళ్ళతోనే ఉండిపోయి, పిల్లలకు చెప్పకుండానే వెళ్ళిపోతున్నారు.

మనం చేయగలిగింది

మీ ఇంట్లోనో, మీకు తెలిసినవాళ్ళలోనో మాజీ సబ్‌మెరైనర్ ఉంటే ఈ వివరాలు రాసి పెట్టుకోండి:

1. పూర్తి పేరు, ఊరు, నేవీ నంబరు, చేరిన సంవత్సరం, రిటైరైన సంవత్సరం, చివరి హోదా.

2. ఏ పని చేసేవారు: ఇంజన్, ఎలక్ట్రికల్, సోనార్, టార్పెడో, వంట, ఏదైనా సరే. ఏ పనీ చిన్నది కాదు.

3. ఏయే బోట్లలో, ఏయే సంవత్సరాల్లో. సర్వీసు పుస్తకంలో ఇది ఉంటుంది. పుస్తకం పోయి ఉంటే నావికుల రికార్డుల కోసం ముంబయి మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌కి రాయాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దారి చూపిస్తుంది.

4. ఫోటోలు. ముఖ్యంగా ఫోటో వెనక రాత. ముందు, వెనక రెండూ స్కాన్ చేయండి. పక్కన నిలబడినవారి పేర్లు ఇప్పుడే అడగండి.

5. ఆయనతో పనిచేసిన ఒక్కరినైనా వెతికి మాట్లాడించండి. ఇంట్లో చెప్పనివి తోటి నావికుల దగ్గర ఉంటాయి.

6. అమ్మగారిని అడగండి. ఉత్తరం లేకుండా, ఎక్కడున్నాడో తెలియకుండా నెలలు గడిపింది ఆవిడే. ఆ కథ కూడా సబ్‌మెరైన్ కథే.

ఒక జాగ్రత్త. ఎంత లోతుకు వెళ్ళారు, ఎక్కడ గస్తీ కాశారు లాంటి వివరాలు అడగవద్దు, రాయవద్దు. వాళ్ళు దాచుకున్న మాటను మనం దాటనక్కర్లేదు. అవి లేకుండానే మనిషి కథ చెప్పవచ్చు.

మరో ముఖ్యమైన మాట. మాజీ నావికుడు పోయినప్పుడు ఫ్యామిలీ పెన్షన్ కోసం పి.పి.ఓ. నంబరు, జాయింట్ ఫోటో, భార్య పేరు రికార్డుల్లో సరిగ్గా ఉండటం చాలా అవసరం. 2003లో మొదలైన ఇ.సి.హెచ్.ఎస్. వైద్య పథకం ఫ్యామిలీ పెన్షన్ పొందే భార్యకూ వర్తిస్తుంది. విదేశాల్లో ఉన్న పిల్లలం సెలవుకు వెళ్ళినప్పుడు, తండ్రి ఉండగానే, ఒక పూట కూర్చుని ఈ కాగితాలు సరిచూస్తే తర్వాత అమ్మ ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన పని తప్పుతుంది.

చివరిగా

హమ్రియా నుంచి చూస్తే చుట్టూ కొండలే, సముద్రం కనిపించదు. కానీ ఇక్కడ ఏసీలు, జనరేటర్లు, పంపులు బాగుచేస్తున్న మనవాళ్ళలో, ముఖ్యంగా విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం పెద్దవాళ్ళలో, పాత నేవీ మనుషులు తగులుతూనే ఉంటారు. ఈసారి కలిసినప్పుడు "ఏ షిప్పులో చేశారండీ?" అని అడిగి చూడండి. "షిప్పు కాదు బాబూ, బోటు" అన్నారంటే, ఆ పూట పనులు పక్కన పెట్టి టీ చెప్పి కూర్చోండి.

బాబాయిగారిని మేం అలా అడగలేదు. ఆయన సంతాప సందేశంలో రాయకుండా పోయిన అయిదో వాక్యం ఇది: ఆయన ఐ.ఎన్.ఎస్. వాగ్లిలో పనిచేసిన సబ్‌మెరైనర్.